సౌండు పెంచితే పాట బాగుపడదు!

'ముప్ఫై వేలు పోసి కొత్త ఫోను కొన్నాం. పాట పెడితే మాత్రం రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టుంది. ఏం చెయ్యాలి?'

ఈ ప్రశ్న ఇప్పుడు చాలా ఇళ్లలో వినిపిస్తోంది. అబ్బాయేమో 'డాక్ కొనాలి నాన్నా' అంటాడు. నాన్నేమో 'మేం రేడియోలో విన్నప్పుడు ఏ డాకూ లేదు, హాయిగా వినలేదూ?' అంటారు. అమ్మ మాత్రం ఒక్క ముక్కలో తేల్చేస్తుంది... 'ముందు ఆ సౌండు తగ్గించు!'

ముగ్గురిలో అమ్మ మాటే నిజానికి దగ్గరగా ఉంది. ఎందుకంటే, పాట బాగా లేదనిపించగానే మనం చేసే మొదటి పని వాల్యూమ్ పెంచడం. బేస్ చాల్లేదా? పెంచుతాం. బస్సు రొదలో గాయకుడి గొంతు అందడం లేదా? ఇంకాస్త పెంచుతాం. దాంతో లోపం ఎక్కడికీ పోదు, చెవి మీద భారం మాత్రం పెరుగుతుంది. అసలు లోపమేదో పట్టుకుని సరిచేస్తే అదే పాట తక్కువ సౌండ్‌లోనే నిండుగా వినిపిస్తుంది. చెవులూ పదికాలాలు చల్లగా ఉంటాయి. అందుకే ఈ వారం ఆ మరమ్మతుల సంగతి ఒక వరసలో చెప్పుకుందాం. పైసా ఖర్చు లేనివి ముందు, డబ్బు పెట్టాల్సినవి చివర.

పాట ప్రయాణం

1979లో జపాన్‌లో సోనీ వాక్‌మన్ వచ్చాక పాట మనిషితో పాటు నడవడం నేర్చుకుంది. 2001లో ఐపాడ్ వచ్చాక వెయ్యి పాటలు జేబులోకి చేరాయి. ఇప్పుడు ఆ పని ఫోనే చేస్తోంది. పరికరం మారినా పాట చేసే ప్రయాణం దాదాపు ఒకటే.

ఫోనులో పాట అంకెల రూపంలో ఉంటుంది. ఆ అంకెలను విద్యుత్ తరంగాలుగా మార్చే చిన్న చిప్పు పేరే 'డాక్'. ఆ తరంగాలకు బలమిచ్చేది ఆంప్లిఫయర్. వాటిని గాలిలో కదలికగా, అంటే మనం వినే శబ్దంగా మార్చేది ఇయర్‌ఫోన్‌లోని బుల్లి స్పీకరు. అక్కణ్నుంచి చెవిలోకి. ఈ గొలుసులో నడుమ ఉన్న డాక్, ఆంప్లిఫయర్ ఈ రోజుల్లో మామూలు ఫోన్లలోనూ చాలావరకు బాగానే ఉంటున్నాయి. పాట పాడయ్యేది ఎక్కువగా రెండు కొసల్లో... అటు పాట ఫైలు దగ్గర, ఇటు చెవి దగ్గర. మనం మాత్రం నడుమనున్న చిప్పు మార్చాలని చూస్తాం!

ముందు చెవిలో కుదరాలి

కొత్త ఇయర్‌ఫోన్స్ కొంటే పెట్టెలో చిన్నవి, మధ్యరకం, పెద్దవి అని మూడు సైజుల రబ్బరు టిప్పులు ఇస్తారు. చాలామంది ముందే తొడిగి ఉన్నవి వాడేసుకుని, మిగతావి పెట్టెతో సహా అటక మీదకు తోసేస్తారు. నిజానికి సగం సౌండు ఆ రబ్బరు ముక్కల్లోనే ఉంది.

చెవి రంధ్రాన్ని టిప్పు సరిగ్గా మూయకపోతే ముందుగా జారిపోయేది బేస్. తబలాలో బాయ మోత పోతుంది, మృదంగం పలచబడుతుంది, పాటంతా కీచుగా మారుతుంది. దాన్ని పట్టుకోవడం తేలిక. పాట నడుస్తుండగా రెండు ఇయర్‌ఫోన్లనూ వేళ్లతో మెల్లగా లోపలికి నొక్కి చూడండి. ఒక్కసారిగా బేస్ పెరిగి పాట నిండుగా వచ్చిందంటే మీ టిప్పు సైజు కుదరలేదన్నమాట. ఒక సైజు పెంచి చూడండి. రెండు చెవులూ ఒకే కొలతలో ఉండాలనేం లేదు. కుడి చెవికి మధ్యరకం, ఎడమ చెవికి పెద్దది సరిపడేవాళ్లూ ఉంటారు. పెట్టుకునేటప్పుడు రెండో చేత్తో చెవి పైభాగాన్ని కాస్త పైకి, వెనక్కి లాగి, ఇయర్‌ఫోన్‌ను కొంచెం తిప్పుతూ పెడితే చక్కగా కూర్చుంటుంది. రబ్బరు పడనివాళ్లు స్పాంజిలాంటి ఫోమ్ టిప్పులు వాడొచ్చు. తలమీదుగా పెట్టుకునే పెద్ద హెడ్‌ఫోన్స్‌కూ ఇదే సూత్రం. మెత్తలు చిరిగిపోయినా, కళ్లద్దాల కాడ వల్ల సందు ఏర్పడినా బేస్ అక్కణ్నుంచే కారిపోతుంది.

'ఒక పక్క సౌండు తగ్గింది' అన్నది మరో ఫిర్యాదు. పారేయబోయే ముందు ఇయర్‌ఫోన్ మూతి మీదున్న సన్నని జాలీ చూడండి. చాలాసార్లు గులిమి అక్కడే అడ్డుపడి ఉంటుంది. టిప్పు తీసేసి, జాలీ నేలవైపు ఉండేలా పట్టుకుని, పొడి టూత్‌బ్రష్‌తో మెల్లగా దులిపితే చాలు. పిన్నీసుతో పొడవొద్దు, నీళ్లు తగలనివ్వొద్దు. అప్పటికీ తగ్గితే ఫోను సెట్టింగ్స్‌లో 'యాక్సెసిబిలిటీ' తెరిచి చూడండి. అక్కడ కుడి, ఎడమ సౌండు సర్దే గీత ఒకటుంటుంది. పిల్లల చేతుల్లో అది ఓ పక్కకు జరిగిపోయి ఉండొచ్చు. నడుమకు తెస్తే సరి.

గొంతు మాయం!

వైరు ఇయర్‌ఫోన్స్ వాడేవాళ్లకు ఒక్కోసారి విచిత్రం జరుగుతుంది. వయొలిన్లు, కీబోర్డు, డప్పులు అన్నీ వినిపిస్తాయి. పాడేవాళ్ల గొంతు మాత్రం ఎక్కడో బావిలోంచి వచ్చినట్టుంటుంది, లేదా పూర్తిగా మాయమవుతుంది. ఫోను పాడైందని కంగారు పడతాం.

కారణం చాలా చిన్నది. రెండు స్పీకర్లకూ ఉమ్మడిగా ఉండే తీగ సరిగ్గా తగలకపోవడం. అప్పుడు రెండు చెవులకూ వేర్వేరుగా రావాల్సిన సంకేతాల్లోని తేడా మాత్రమే వినిపిస్తుంది. గాయకుల గొంతును సాధారణంగా రెండు పక్కలా సమానంగా రికార్డు చేస్తారు కాబట్టి అది కాస్తా కొట్టుకుపోతుంది. పాట కరవోకె అయిపోతుంది! జేబులోని నూలు పీచు ఫోను జాక్ రంధ్రంలో పేరుకుని, పిన్ను పూర్తిగా లోపలికి దిగకపోవడం ఇందుకు ముఖ్య కారణాల్లో ఒకటి. ఫోను ఆపేసి, చెక్క టూత్‌పిక్‌తో ఆ పీచును జాగ్రత్తగా లాగేస్తే గొంతు తిరిగొస్తుంది. లోహపు సూది మాత్రం వాడొద్దు.

ఇంకో మాట. ఘంటసాల గారి కాలంనాటి సినిమా పాటలు చాలావరకు మోనో రికార్డింగులు. రెండు చెవుల్లోనూ ఒకేలా వినిపించడం వాటి సహజ గుణం. అది ఇయర్‌ఫోన్ తప్పు కాదు.

పిండి కొద్దీ రొట్టె

ఇక రెండో కొస... పాట ఫైలు. సీడీలో సెకనుకు 1,411 కిలోబిట్ల సమాచారం ఉంటుంది. ఐదు నిమిషాల పాటకు సుమారు 53 ఎంబీ. ఒకప్పటి ఫోన్లలో అంత చోటేదీ? అందుకే జర్మనీలో కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బుర్గ్, ఆయన సహచరులు కలిసి ఎంపీత్రీ తయారుచేశారు. మనిషి చెవి ఎలాగూ పట్టుకోలేని వివరాలను తీసేసి ఫైలును చిన్నది చేయడం దీని కిటుకు. సుజాన్ వేగా అనే అమెరికన్ గాయని వాద్యాలేవీ లేకుండా పాడిన 'టామ్స్ డైనర్' పాటను పెట్టి ఆ పద్ధతిని పదేపదే పరీక్షించారు. ఒంటరి గొంతులో చిన్న తేడా వచ్చినా ఇట్టే తెలిసిపోతుంది మరి.

కుదించడం మితంగా ఉంటే తేడా తెలియదు. మితిమీరితేనే చిక్కు. 320 కేబీపీఎస్ ఎంపీత్రీకీ సీడీకీ తేడా చెప్పడం మామూలు చెవులకు కష్టం. 128కి వచ్చేసరికి తాళాల మోత, కంజిర గలగల కాస్త బురదగా వినిపించొచ్చు. 64కు దిగితే సముద్రపు హోరులాంటి గరగర మొదలవుతుంది. ఒకప్పుడు ఒక్క సీడీలో రెండొందల పాటలు అని అమ్మినవాటిలో ఇలా కుదించినవి బోలెడు. వాటిని ఇప్పుడు ఏ సాఫ్ట్‌వేర్‌తోనో 320కో, లాస్‌లెస్‌కో మార్చినా లాభం లేదు. ఫైలు ఉబ్బుతుంది, పోయిన వివరం మాత్రం రాదు. పిండి కొద్దీ రొట్టె!

ఇప్పుడు ఎక్కువమంది వినేది యాప్‌లలోనే. వాటిలోనూ ఇదే లెక్క. డేటా మిగల్చడానికి యాప్ తనంతట తానే నాణ్యత తగ్గించేస్తుంది. స్పాటిఫైలో 'లో' అంటే సుమారు 24 కేబీపీఎస్, 'వెరీ హై' అంటే 320. ఆ పై మెట్టు డబ్బు కట్టినవాళ్లకే. ఉచితంగా వినేవాళ్లకు 160 వరకు దొరుకుతుంది. చాలా యాప్‌లలో సెట్టింగ్స్‌లో 'ఆడియో క్వాలిటీ' లాంటిది ఉంటుంది. అది 'ఆటోమేటిక్'లో ఉంటే తీసి, దొరికినంతలో పై మెట్టు పెట్టండి. 320లో ఐదు నిమిషాల పాటకయ్యే ఖర్చు 12 ఎంబీ మాత్రమే. డేటా పొదుపు కావాలంటే ఇంట్లో వైఫై ఉన్నప్పుడు పై నాణ్యతలో డౌన్‌లోడ్ చేసుకుని దారిలో వినడం మేలు. యాపిల్ మ్యూజిక్ 2021లో అదనపు రుసుము లేకుండా లాస్‌లెస్ ఇచ్చింది. బాగుంది కానీ, 128 నుంచి 320కి ఎక్కినప్పుడు తెలిసినంత తేడా అక్కణ్నుంచి పైకి తెలుస్తుందని ఆశపడొద్దు.

వైరు లేకపోతే...

బ్లూటూత్‌లో పాట మరోసారి కుదించుకుపోయి గాల్లో ప్రయాణిస్తుంది. ఆ కుదింపు పద్ధతులనే కోడెక్‌లంటారు. ఎస్‌బీసీ అన్నిటిలోనూ ఉండేది. ఐఫోన్ వాడేవాళ్లకు ఏఏసీ ఉన్న ఇయర్‌బడ్స్ చాలు. ఐఫోన్లు ఎల్‌డ్యాక్‌ను పట్టించుకోవు కాబట్టి దానికోసం ఎక్కువ డబ్బు పెట్టడం దండగ. ఆండ్రాయిడ్‌లో 2017లో వచ్చిన 8.0 వెర్షన్ నుంచి ఎల్‌డ్యాక్‌కు వీలుంది. అది 990 కేబీపీఎస్ వరకు పంపగలదు. ఫోనూ ఇయర్‌బడ్సూ రెండిటిలోనూ ఉంటేనే పనిచేస్తుంది. బ్లూటూత్ జాబితాలో మీ ఇయర్‌బడ్స్ పేరు పక్కనున్న గుర్తు నొక్కి, 'హెచ్‌డీ ఆడియో' లాంటి మీట ఆగిపోయి ఉంటే ఆన్ చేయండి.

కాల్ మాట్లాడుతుంటే, ఆన్‌లైన్ క్లాసులో ఉంటే, మైకుతో ఆటలాడుతుంటే అవే ఇయర్‌బడ్స్ హఠాత్తుగా పాత టెలిఫోన్‌లా మారిపోతాయి. మైకు కూడా పనిచేయాల్సి రావడంతో చాలా బ్లూటూత్ సెట్లు పాట నాణ్యతను వదిలేసి మాటల పద్ధతికి మారతాయి. మైకు వాడే యాప్ మూసేస్తే మామూలవుతుంది.

ఈక్వలైజర్... తగ్గించడమే తెలివి

ఈక్వలైజర్ తెరవగానే గీతలన్నీ పైకి తోసేయడం మనకు అలవాటు. దాంతో సంకేతం హద్దు దాటి, పెద్ద స్వరాల దగ్గర చిరిగిన కాగితంలా బరబరమంటుంది. దీనికి తిరగేసి ఆలోచించాలి. బేస్ ఎక్కువ కావాలంటే బేస్‌ను అలాగే ఉంచి మిగతావాటిని రెండు మూడు గీతలు తగ్గించండి. 's' కారాలు, తాళాలు గుచ్చుకుంటుంటే కుడివైపున్న 6 నుంచి 8 కిలోహెర్ట్జ్ దగ్గరి గీతను కొంచెం దించండి. గొంతు మందంగా, మూటకట్టినట్టుంటే 200, 300 హెర్ట్జ్ దగ్గర దించండి.

ఇక్కడ మన చెవి ఆడే నాటకం ఒకటి తెలుసుకోవాలి. 1933లో బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక సంగతి కొలిచి చూపించారు. శబ్దం తగ్గేకొద్దీ మన చెవికి బేస్ మరీ తక్కువగా వినిపిస్తుంది. పెంచితే నిండుగా తోస్తుంది. అందుకే సౌండు ఎక్కువున్నదే మంచిదని మోసపోతాం. షాపులో రెండు హెడ్‌ఫోన్స్ పోల్చేటప్పుడు రెండిటి సౌండూ సమానంగా పెట్టి వినకపోతే, గట్టిగా అరిచేదే గెలుస్తుంది. తక్కువ వాల్యూమ్‌లో వినే అలవాటున్నవాళ్లు ఈక్వలైజర్‌లో బేస్ వైపు కాస్త మొగ్గు ఇవ్వడంలో తప్పులేదు. మొత్తం సౌండు పెంచడంకంటే అది చెవికి ఎంతో మేలు.

ఇంతకీ డాక్ కొనాలా?

2016లో ఐఫోన్ 7 హెడ్‌ఫోన్ జాక్‌ను వదిలేసింది. తర్వాత చాలా ఆండ్రాయిడ్ ఫోన్లదీ అదే దారి. పాత వైరు ఇయర్‌ఫోన్స్ వాడాలంటే యూఎస్‌బీ సీ రంధ్రంలో గుచ్చే చిన్న తోక కావాలి. వీటిలో రెండు రకాలున్నాయి. ఒకటి వట్టి వైరు. ఫోను లోపలి డాక్ నుంచి సంకేతం బయటికొచ్చే కొన్ని ఫోన్లలోనే పనిచేస్తుంది. రెండోదాంట్లో బుల్లి డాక్ ఉంటుంది. ఇది ఎక్కువ ఫోన్లకు సరిపడుతుంది. తోక కొన్నా సౌండు రాలేదంటే చాలాసార్లు ఈ తికమకే కారణం. కొనేముందు 'లోపల డాక్ ఉందా?' అని ఒక్క ప్రశ్న అడగండి.

ఇంతకుమించి పెద్ద డాక్, ఆంప్లిఫయర్ ఎవరికి కావాలి? హెడ్‌ఫోన్ పెట్టె మీద 'ఓమ్స్' అని ఒక అంకె ఉంటుంది. 16 నుంచి 32 ఓమ్స్ ఉన్నవి చాలావరకు ఫోనుతోనే హాయిగా మోగుతాయి. స్టూడియోల్లో వాడే 250, 300 ఓమ్స్ రకాలకు ఫోను బలం చాలకపోవచ్చు. వాటికి ఆంప్లిఫయర్ అవసరమే. పాట ఆగినప్పుడు సన్నగా సుయ్‌మని మోత వస్తున్నా మంచి డాక్ పనికొస్తుంది. ఈ రెండు ఇబ్బందులూ లేకపోతే ఆ డబ్బు మంచి హెడ్‌ఫోన్ మీద పెట్టడమే తెలివి. విడిగా మ్యూజిక్ ప్లేయర్ కొనాలనుకునేవాళ్లకూ ఇదే మాట.

మంచిదంటే ఖరీదైనదని కాదు. 2017లో జర్నల్ ఆఫ్ ది అకౌస్టికల్ సొసైటీ ఆఫ్ అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనం 283 హెడ్‌ఫోన్ల కొలతలను ధరలతో పోల్చింది. ఏ స్వరాన్ని ఎంత బలంగా వినిపిస్తాయన్న విషయంలో ధరకూ, దానికీ సంబంధమే కనిపించలేదు! కాబట్టి ధర చీటీని కాదు, మీకు బాగా తెలిసిన రెండు పాటలను నమ్ముకోండి. ఒకటి గొంతు ముందుండే పాట, మరొకటి ఇళయరాజా పాటల్లోలా బేస్ గిటార్ విడిగా నడిచే పాట. మెల్లని సౌండ్‌లోనే రెండూ స్పష్టంగా తెలిస్తే అదే మీ హెడ్‌ఫోన్.

బస్సు రొదతో పోటీ వద్దు

చెవికి అసలు ముప్పు వచ్చేది రొద మధ్యలోనే. సిటీ బస్సులో, రైల్లో పాట వినాలంటే బయటి మోతను మించి పెంచాలి. సరిగ్గా కుదిరిన టిప్పులు ఆ మోతలో చాలా భాగాన్ని బయటే ఆపేస్తాయి. ఇంకా కావాలంటే నాయిస్ క్యాన్సిలింగ్ ఉంది. దీని వెనక మన దేశంతో ఒక బంధం కూడా ఉంది. బెంగాల్ నుంచి అమెరికా వెళ్లిన స్వాతంత్ర్య సమరయోధుడి కొడుకు అమర్ బోస్. 1978లో విమానంలో ఇచ్చిన హెడ్‌ఫోన్స్‌లో ఇంజను మోత తప్ప పాట వినపడక, ఆ మోతకు ఎదురు తరంగం పంపి చెల్లగొట్టే పద్ధతి గురించి ఆ ప్రయాణంలోనే లెక్కలు వేశారాయన. ఇంజను, ఏసీ, ఫ్యాను లాంటి నిలకడైన మోతల మీద ఇది బాగా పనిచేస్తుంది. పక్క సీటువాళ్ల కబుర్ల మీద అంతగా కాదు. రోడ్డు దాటేటప్పుడు, బండి నడిపేటప్పుడు మాత్రం ఏ ఇయర్‌ఫోనూ వద్దు. హారన్ వినపడకపోతే ఏ సౌండు బాగుండి ఏం లాభం?

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దలు 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు వినొచ్చు. 90కి పెంచితే నాలుగు గంటలే. 100కు చేరితే వారం మొత్తానికి 20 నిమిషాలు! పిల్లలకైతే 40 గంటల హద్దు 75 డెసిబెల్స్ దగ్గరే. 12 నుంచి 35 ఏళ్ల మధ్యవాళ్లలో వంద కోట్లమందికి పైగా, జాగ్రత్తపడితే తప్పించుకోగలిగే వినికిడి లోపం ముప్పులో ఉన్నారని ఆ సంస్థ 2022లో హెచ్చరించింది. చెవి లోపల శబ్దాన్ని పట్టే సన్నని రోమ కణాలు ఒక్కసారి చచ్చిపోతే మనుషుల్లో మళ్లీ పుట్టవు. ఇయర్‌ఫోన్ పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు. ఇవి కొనడానికి దొరకవు.

ఐఫోన్‌లో 'హెడ్‌ఫోన్ సేఫ్టీ' అన్నచోట పెద్ద శబ్దాలకు కళ్లెం వేయొచ్చు. శామ్‌సంగ్ లాంటి ఫోన్లలో 'మీడియా వాల్యూమ్ లిమిట్' ఉంటుంది. పిల్లల ఫోన్లలో ఈ పని మీరే చేసిపెట్టండి. పాట ఆపాక చెవుల్లో గుయ్‌మంటున్నా, మాటలు దూదిలోంచి వచ్చినట్టున్నా సౌండు ఎక్కువైందని గుర్తు. అది తగ్గకుండా ఉంటే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించాలి.

ఒక చెవి సరిగా వినపడని పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే వాళ్ల ఫోనులో 'మోనో ఆడియో' ఆన్ చేయండి. యాక్సెసిబిలిటీలోనే ఉంటుంది. రెండు పక్కల సంగీతమూ వినపడే చెవికే చేరుతుంది. ఇన్నాళ్లూ సగం పాటే విన్న తాతయ్యకు మొత్తం పాట దక్కుతుంది. దానికి అయ్యే ఖర్చు... ఒక్క మీట నొక్కడం!